చీకట్లో ఉంచిన ప్లేటు

"గ్యాస్ కట్టేశావా? నీ మతిమరుపుతో చస్తున్నాం," అన్నాడు భర్త, సోఫాలోంచి లేవకుండానే. ఆమె కట్టేసే బయల్దేరింది. అయినా చెప్పులు విప్పి వంటింట్లోకి వెళ్లి మళ్లీ చూసింది. ఆ ఇంట్లో పాలు పొంగినా, కుళాయి కారినా తప్పు కోడలిదే. "దాని ధ్యాసంతా ఆ ల్యాబు మీదే," అని అత్తగారు పక్కింటావిడతో చెబుతుంది. "నాదే పొరపాటు" అనేస్తే గొడవ అక్కడితో ఆగుతుందని ఆమె ఎప్పుడో నేర్చుకుంది. అనీ అనీ తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది.

ల్యాబులో ఆమె పని ఒక కొత్త క్యాన్సర్ మందును పరీక్షించడం. వెలుగు పడితేనే అది కణాలను చంపాలి, చీకట్లో నోరు మూసుకుని పడుండాలి, లేకపోతే వెలుగు పెట్టని చోట మంచి కణాలూ చస్తాయి. అందుకని ల్యాబులో పెంచిన కణాలకు మందు వేసి, ఒక ప్లేటు దీపం కింద పెడతారు, ఇంకోదాన్ని ఫాయిల్ చుట్టి చీకట్లో ఉంచుతారు. ఆ చీకటి ప్లేటులోనూ కణాలు చచ్చిపోయాయి. "ఫాయిల్ సరిగ్గా చుట్టి ఉండవమ్మా. ఇంటి ధ్యాసలో ఉంటారు మీ ఆడవాళ్లు," అని ల్యాబు నడిపే పెద్దసారు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, సిగ్గు లేకుండా. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నిజంగానే ఎక్కడైనా సందు వదిలిందా? పక్కన ఫోన్ వెలిగిందా? బస్సులో, అంట్ల దగ్గర, పక్క మీద అదే పురుగు తొలిచింది.

ఉండబట్టలేక మళ్లీ చేసింది. ఫాయిల్ రెండు పొరలు చుట్టింది, తలుపు సందులో నల్లగుడ్డ కుక్కింది, ఫోన్ బయట పడేసింది. "ఎక్కడ తగలడ్డావ్, ఫోనెత్తవేం?" అని తర్వాత భర్త చేత తిట్లు కూడా తింది. మందు వెయ్యని కణాలు ఆ చీకట్లోనే నవనవలాడుతున్నాయి. మందు వేసినవి మళ్లీ పోయాయి. తప్పు ఆమె చేతుల్లో లేదు, మందులో ఉంది.

పెద్దసారు ముఖం మాడ్చుకున్నాడు. "నీ పొరపాటు వల్ల ప్లేటు పాడైందని రాసి వదిలెయ్. త్వరలో రోగులకు ఎక్కించాల్సిన మందు ఇది."

"సరే సార్" అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ రేపు ఎవరో ఒకావిడ ఒంట్లోకి ఆ సూది దిగుతుంది. చీకటి గదిలో ఉంటే ఏం కాదని డాక్టరు చెబితే నమ్మి, తెరలు దింపుకుని పడుకుంటుంది.

"పొరపాటు జరగలేదు సార్. ఇది చీకట్లో కూడా చంపుతోంది. అలాగే రాస్తాను."

"మొండికేస్తే ఉద్యోగానికే ఎసరు. ఇంటికెళ్లి మీవారితో ఓసారి ఆలోచించుకో."

"ఫాయిల్ చుట్టింది ఆయన కాదు సార్, నేను."