నుదురు లేని కారు

మా అల్లుడు కొత్త కారు కొన్నప్పుడు దాని మొహం ఎలా ఉందో చెప్పని మనిషి మా బిల్డింగులో లేడు. ఆయన అందరినీ అడిగారు. నన్ను మాత్రం అడగలేదు. ఆ కారు వెనక సీట్లో కూచోవలసిందేమో నేను.

నా పేరు నరసాయమ్మ, మాది రాజోలు పక్క. బహ్రెయిన్ వచ్చిన కొత్తలో మహూజ్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంటకి కుదిరాను. అక్కడే జుట్టు నెరిసింది. ఆ ఇంటి పిల్లలు నా చేతి అన్నం తిని మీసాలు తెచ్చుకున్నారు. ఇప్పుడు పని మానేసి సనాబిస్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను. కూతురు నాగమల్లేశ్వరి, మేము మల్లి అంటాం, సల్మానియా ఆసుపత్రిలో నర్సు. అల్లుడు జగ్గారావు ఒక కంపెనీ పెద్దాయనకి డ్రైవరు. వారమంతా నేను మూడో అంతస్తులో గోడలు చూస్తూ కూచుంటాను. శుక్రవారం మాత్రం అల్లుడు నన్ను మహూజ్ తీసుకెళ్తారు. నేను పనిచేసిన ఇంటి యజమానురాలు, మేమంతా మామా అంటాం, అరబ్బీలో అమ్మ అని, అక్కడ నాకోసం గేటు దగ్గర కుర్చీ వేసుకుని చూస్తుంటుంది. ఆవిడకీ మోకాళ్ళు లేవు, నాకూ లేవు. ఇద్దరం కారు వెనక కూచుని సముద్రం దాకా ఒక చుట్టు తిరిగొస్తాం. వారం మొత్తానికి నాకు ఊపిరాడేది అప్పుడే.

పాత కారు నలుచదరంగా పెట్టెలా ఉండేది. మా పై ఇంట్లో ఉండే నాగేంద్రబాబు దాన్ని గాదె అని వెక్కిరించేవాడు. గాదె అయితేనేం? తలుపు తీస్తే గుమ్మంలా ఉండేది. కొంగు సర్దుకుని, వెనక్కి తిరిగి, సీటు మీద కూలబడి, కాళ్ళు లోపలికి లాక్కోవడమే.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా ఇళ్ళల్లో అత్తగారు అల్లుడితో ఎదురుగా మాట్లాడదు. ఆయన పక్కన ముందు సీట్లో కూచోదు. ఆయన "మీ అమ్మకి కాఫీ కావాలేమో అడుగు" అని మల్లితో అంటారు. నేను ఆయన వింటుండగానే "వద్దని చెప్పవే" అంటాను. శుక్రవారం కారులో మేమిద్దరమే ఉంటే ఆయన అద్దంతో మాట్లాడేవారు, నేను కిటికీతో మాట్లాడేదాన్ని. ఇన్నేళ్ళూ అలాగే నడిచింది, బాగానే నడిచింది. ఈ కారు వచ్చేదాకా.

కొనేముందు ఆయన ఫోనులో దాని బొమ్మలు పెట్టుకుని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చూపించేవారు. పేరు పాతదేనట, రూపం మార్చారట.

"ఆ చూపు చూశారా జగ్గారావుగారూ! చిరుతపులి దూకబోతున్నట్టు లేదూ?" అన్నాడు నాగేంద్రబాబు. అతనికి లెక్కలు రాసే ఉద్యోగం. సొంత కారు లేదు, అందుకని అన్ని కార్ల మీదా అభిప్రాయాలున్నాయి.

"చిరుతపులా? నాకు వాలుగచేపలా ఉంది. ఆ మూతీ, ఆ మీసాలూ," అంది మల్లి.

"అది మూతి కాదండి, ఇంజనుకి గాలి వెళ్ళే దారి."

"అంత గాలి దేనికండీ, ఇంజనుకేమన్నా ఆయాసమా?"

నర్సింగ్ కూడా అక్కడే ఉన్నాడు. నిజామాబాదు వైపు మనిషి, లేబర్ క్యాంపులో ఫోర్‌మన్. కొత్తది వస్తే పాత కారు తనకిమ్మని అల్లుణ్ణి అడిగి పెట్టుకున్నాడు.

"ముంగట సంగతి నాకు తెల్వదన్నా," అన్నాడు. "ఎన్కకెల్లి సూస్తె మాత్రం మస్తుంది. ఈ మూలకెల్లి ఆ మూల దాంక ఒక్కటే ఎర్ర లైటు. పెండ్లిపిల్ల కాళ్లకు పారాణి పెట్టినట్టున్నది."

"అదీ మాట!" అన్నారు అల్లుడు. మొహం వెలిగిపోయింది.

నేను వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. "వెనక తలుపు ఎంతుందో అడగవే మల్లీ," అన్నాను.

మల్లి అడిగింది. "కప్పు వెనక్కి జారిపోయినట్టుంది, కూచునేవాళ్ళకి తల తగలదా అంటోంది అమ్మ."

"ఆ జారుడులోనే కదండీ అందమంతా!" అన్నాడు నాగేంద్రబాబు.

"అన్నీ సరిపోతాయని చెప్పు," అన్నారు అల్లుడు. ఫోనులోంచి తల ఎత్తలేదు.

ఆ వేళ చారులో చింతపండు ఎక్కువైంది.

కారు వచ్చింది. కింద పార్కింగులో అందరూ మూగారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బొట్టు పెడదామని పసుపు గిన్నె పట్టుకుని దాని ముందు నిలబడ్డాను. ఎక్కడ పెట్టను? పాత కారుకి బానెట్ చివర ఇంత నుదురుండేది. దీనికి ఈ చెంప నుంచి ఆ చెంపకి సన్నటి లైటు గీత, ఆ గీత కిందే నోరు. కళ్ళు అయిపోగానే నోరు మొదలైపోయింది. పులి అంటారు, చేప అంటారు, పులికైనా నుదురుంటుంది కదా! చివరికి మధ్యలో నున్నగా మెరుస్తున్న కంపెనీ గుర్తు కనపడింది. ఇదే నుదురనుకుని పసుపు ముద్ద దట్టంగా మెత్తి, కుంకుమ పెట్టాను.

కొత్త బండిలో ఇంటి పెద్ద మొదట ఎక్కాలి. తలుపుకి పిడి కనపడలేదు. వేలితో నొక్కితే బయటికొస్తుందట. పిడి దాచుకోవడమేమిటి, అదేమన్నా బంగారమా? అల్లుడే నొక్కి తలుపు తీశారు. నేను ఎప్పటిలాగే కొంగు సర్దుకుని, వెనక్కి తిరిగి కూలబడబోయాను. ఠంగుమంది. కళ్ళ ముందు చుక్కలు తిరిగాయి.

"కారుకి సొట్ట పడలేదు కదండీ?" అన్నాడు నాగేంద్రబాబు. నలుగురూ నవ్వారు. మా అల్లుడూ నవ్వారు. నర్సింగ్ నవ్వలేదు, ఆ మాట చెప్పుకోవాలి.

ఎలాగో లోపలికి దూరాను. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. కిటికీ దీపం గూడంత ఉంది, అదీ నా కళ్ళకంటే పైన. "అలవాటవుతుందని చెప్పు," అన్నారు ఆయన మల్లితో.

రోడ్డెక్కామో లేదో కారు కుయ్యో మొర్రోమని అరవడం మొదలుపెట్టింది. స్టీరింగు ముందు ఎర్రటి గుర్తులు వెలిగాయి. అల్లుడు కంగారుగా పక్కకి ఆపి దిగారు. ముందు బండి ఎంత దూరంలో ఉందో చూసుకునే కన్నేదో ఆ కంపెనీ గుర్తు వెనకాలే ఉందట. నా పసుపుతో అది మూసుకుపోయింది. ఆయన టిష్యూ తీసి, నా ఎదురుగానే, నేను పెట్టిన పసుపూ కుంకుమా తుడిచి, ఉండ చేసి చెత్తడబ్బాలో పారేశారు.

"ఇకమీదట కారు మొహం మీద ఏమీ పూయొద్దని మీ అమ్మకి చెప్పు," అన్నారు.

బొట్టు భరించలేని మొహం కూడా ఒక మొహమేనా! పాత కారు మొహం మీద ఇన్నేళ్ళూ ఎంత పసుపు పూశాను, ఒక్కనాడైనా కుయ్యిమందా? అక్కడ నేనేమీ అనలేదు. ఇంటికొచ్చాక గిన్నెలు తోముతూ అన్నాను. మా గిన్నెలకి సొట్టలు ఎలా పడ్డాయని ఎవరైనా అడిగితే ఇదే కారణం.

ఆ శుక్రవారం నేను మహూజ్ వెళ్ళలేదు. ఆ దూరుడు నా వల్ల కాదు. ఒకవేళ నేను దూరినా, మామా దూరలేదు. పాత బండి నర్సింగ్‌కి మాటిచ్చింది, ఇక బయటికి తియ్యకూడదట. టాక్సీలో పంపుదాం అన్నారు అల్లుడు. ఇంట్లో రెండు కార్లు పెట్టుకుని నేను పరాయి బండిలో వెళ్ళాలా! మధ్యాహ్నం మామా ఫోను చేసింది.

"నరసా, ఇంతి వేన్?" ఎక్కడున్నావని.

నాకొచ్చిన అరబ్బీ అంతా వంటింటి అరబ్బీ. కోప్పడ్డానికి చక్కగా సరిపోతుంది, బాధ చెప్పుకోవడానికి చాలదు. "సయ్యారా ఖలాస్," అన్నాను. కారు అయిపోయిందని. వచ్చేవారం కూడా రావా అని అడిగింది ఆవిడ. నేను ఫోను మల్లి చేతికిచ్చేశాను.

వచ్చే శుక్రవారం పొద్దున్నే నర్సింగ్ వచ్చి పాత కారు తీసుకెళ్తాడని రాత్రి అన్నం దగ్గర తెలిసింది. అదీ మల్లితో అన్నారు, నేను మజ్జిగ పోస్తుంటే.

ఆ శుక్రవారం నేను అందరికంటే ముందు లేచాను. పులిహోర కలిపి మామాకోసం డబ్బాలో పెట్టాను. మేకుకి తగిలించిన పాత కారు తాళంచెవి తీసుకుని లిఫ్టులో దిగి, గాదె తలుపు తీసి, కొంగు సర్దుకుని, వెనక సీట్లో కూలబడ్డాను. కాళ్ళు లోపలికి లాక్కున్నాను.

నర్సింగ్ వచ్చాడు. "గిదేందమ్మా, పొద్దుగాల్నే బండిల కూసున్నవ్?"

"నా సీట్లో నేను కూచున్నాను నాయనా."

"బండి తీస్కపొమ్మన్నడు గద జగ్గన్న?"

"తీసుకెళ్ళు. నన్నూ తీసుకెళ్ళు."

"క్యాంపుకా? రా మరి. మా మెస్సుల వంటోడు మొన్ననే పారిపోయిండు," అన్నాడు.

నవ్వొచ్చింది. నవ్వితే కోపం జారిపోతుందని పళ్ళు బిగబట్టాను. వాడు తల గోక్కుని అల్లుడికి ఫోను చేశాడు.

అల్లుడు లుంగీ మీదే దిగొచ్చారు. డ్యూటీకి తయారై, తెల్ల బట్టల్లో, వెనకే మల్లి.

"మీ అమ్మని దిగమని చెప్పు."

"దిగనని చెప్పవే."

"మనిషికి మాట ఇచ్చాం, పరువు పోతుందని చెప్పు."

"నా నెత్తి మీద బొప్పి కట్టినప్పుడు పోని పరువు ఇప్పుడెలా పోతుందో అడుగు."

"ఎండెక్కుతోందని చెప్పు."

మల్లి బ్యాగు నేలకేసి కొట్టింది. "నేను చెప్పను! మీ ఇద్దరూ మూరెడు దూరంలో ఉన్నారు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఇటు మాట అటూ, అటు మాట ఇటూ మోస్తున్నాను. ఈ డ్యూటీకి జీతమూ లేదు, ఓవర్‌టైమూ లేదు. ఇవాళ్టితో మానేశాను. మీరే ఏడవండి."

నర్సింగ్ గోడ వైపు తిరిగి సున్నం చూస్తున్నాడు. నాకు చెవులు వేడెక్కాయి. నోరు దానంతటదే తెరుచుకుంది.

"అల్లుడుగారూ," అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డారు. వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశారు.

"ఆ కారు కొనేముందు ఎంతమందిని అడిగారండీ? మొహం ఎలా ఉందన్నారు, వెనక లైటు ఎలా ఉందన్నారు. ఎదురొచ్చేవాడికి బాగుండాలి, వెనకొచ్చేవాడికి బాగుండాలి. మరి లోపల కూచునేదెవరు? నేను మనిషినా, డిక్కీలో వేసే సామాన్నా?"

"అది కాదండి అత్తయ్యగారూ..."

"ఆ వెనక సీట్లో ఒక్కసారైనా కూచుని చూశారా?"

"నేనాండి?" ఆయన నిజంగానే తెల్లబోయారు. "నేను డ్రైవర్నండి. నేను వెనకెందుకు కూచుంటాను?"

ఆ మాట నిజం. పెద్దాయన్ని వెనక కూచోబెట్టి తిప్పడమే గాని, ఆయన ఏ కారులోనైనా వెనక కూచున్నది నేను చూడలేదు. కారంటే ఆయనకి ముందు అద్దమూ, బానెట్టూ. అద్దంలో కనపడేది సరుకు. ఈ సంగతి తట్టాక నా కోపం తగ్గాలా? ఇంకా పెరిగింది.

"అయితే ఇవాళ కూచోండి. మల్లి తోలుతుంది. సల్మానియా దాకా వెనక కూచుని వెళ్ళి రండి. తిరిగొచ్చి దిగమంటే అప్పుడు దిగుతాను."

మల్లి చెయ్యి చాపింది. ఆయన తాళం ఇచ్చారు. "ఎక్కండి సార్," అంది తలుపు తీసి.

ఆరడుగుల మనిషి వంగి దూరారు. ఠంగుమంది. ఈ కారులో కూచున్న నాకు వినపడింది. సంతోషించలేదని చెబితే నేను అబద్ధమాడినట్టే.

వాళ్ళు వెళ్ళాక నర్సింగ్ మూల మీద హోటలు నుంచి రెండు కరక్ చాయ్‌లు తెచ్చి ఒకటి నా చేతిలో పెట్టాడు. బండికి ఆనుకుని నిలబడ్డాడు.

"గీ బండికే గింత కొట్లాడితివి. మా క్యాంపు బస్సు సూస్తె ఏమంటవో," అన్నాడు. "దానికి మొఖమే లేదు. ఏ కాలంలనో దేనికో గుద్దిచ్చిన్రు, గట్లనే తోల్తున్రు."

"నుదురైనా ఉందా?"

"పసుపు పెట్టడానికా? ఓ సొట్టున్నది, గిన్నెడు పడ్తది."

ఈసారి నవ్వాపుకోలేకపోయాను. అయినా దిగలేదు.

కొత్త కారు తిరిగొచ్చింది. అల్లుడే తోలుకుంటూ వచ్చారు. దిగి, మెడ పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. నడినెత్తిన జుట్టు నలిగిపోయి ఉంది. నా వైపు చూడలేదు.

"నర్సింగ్, ఈ బండి ఇవ్వలేనోయ్," అన్నారు.

"ఠంగుమన్నప్పుడే నాకు ఎర్కైంది అన్నా. మరి గా ఎర్ర లైటుది ఇస్తవా?"

"అది మల్లికి, డ్యూటీకి వెళ్ళిరావడానికి. ముందు సీటు బానే ఉంటుంది."

"మంచిగున్నది. శుక్రారం నిద్ర పాడుజేస్కోని వస్తె శాయ్ పైసలు నేనే పెట్టుకుంటిని," అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. వాడి కోపం కూడా న్యాయమే.

అల్లుడు లుంగీ మార్చుకుని వచ్చి పాత కారు స్టీరింగు ముందు కూచున్నారు. బండి కదిలింది. సల్మానియా దాటాక ఎప్పటిలాగే అద్దంలోకి చూస్తూ అన్నారు.

"ఆ వెనక కూచుంటే రోడ్డే కనపడదండి. కళ్ళు తిరిగాయి."

"అద్దంతో కాదు, నాతో చెప్పండి," అన్నాను.

"ఆయ్. మీతోనేనండి."

అంతే, నా నోటికి ఇక అడ్డు లేకపోయింది. కోపం చల్లారిందని ఆయన అనుకున్నట్టున్నారు. ఎక్కడ చల్లారుతుంది, ఇన్నేళ్ళదాయె! పెళ్ళిలో వియ్యాలవారి విడిదికి గారెలు చల్లారిపోయి వచ్చాయని ఆయన చెల్లెలు మొహం చిట్లించిన దగ్గర మొదలుపెట్టాను. నేను వడియాలు ఎండబెట్టుకునే బాల్కనీలో బూట్ల స్టాండు పెట్టడం, నా కాఫీలో పంచదార తగ్గించమని మల్లికి చెవిలో చెప్పడం, పసుపుని చెత్తడబ్బాలో వెయ్యడం, నలుగురిలో నవ్వడం. దేనికీ తేదీ తప్పలేదు, మాట తప్పలేదు. ఆయన ప్రతిదానికీ "ఆయ్" అంటూ తోలుతున్నారు. నాగేంద్రబాబు సంగతి విడిగా ఉందని కూడా చెప్పాను.

మహూజ్‌లో గేటు దగ్గర మామా కుర్చీలో ఉంది. గాదెని చూడగానే లేవడానికి కర్ర వెతుక్కుంది. అల్లుడు దిగి చెయ్యి అందిస్తే, నల్లటి అబాయా సర్దుకుని, వెనక్కి తిరిగి, నా పక్కన కూలబడింది. పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. నేను తెలుగులో అరుస్తూనే ఉన్నాను. ఆవిడకి ముక్క అర్థం కాలేదు. కాసేపు విని, వేలితో అల్లుడి వీపు చూపించి, ఇతని మీదేనా అన్నట్టు కళ్ళెగరేసింది. అవునన్నాను. "జేన్," అంది. బాగా చేశావని.

సముద్రం దాకా వెళ్ళాం, తిరిగి గేటు దగ్గరికొచ్చాం. కారు ఆగింది. మళ్ళీ మొదటికొచ్చిన నేను ఇంకా పెళ్ళైన రెండో ఏడు దగ్గరే ఉన్నాను.

"ఇంకో చుట్టు తిప్పండి అల్లుడుగారూ," అన్నాను.

"ఆయ్," అన్నారు ఆయన.

"యల్లా!" పదమని అంది మామా, పులిహోర నములుతూ.