వెనక చూపు

కర్ర చివర చుట్టిన గుడ్డను నోలీన్ మూడోసారి మంచినీళ్ళలో ముంచి పిండింది. ఉప్పు ఒక్క తుడుపుకు పోదు. మొదటిసారి కరుగుతుంది, రెండోసారి మసకలా పాకుతుంది, మూడోసారికి గాని వదలదు. కాఫీ గది చూరుకు బిగించిన కెమెరా నిమ్మకాయంత ఉంటుంది, ఆమె చేతికి అందని ఎత్తులో ఉంటుంది. మునివేళ్ళ మీద లేచి, పసిపిల్ల ముక్కు తుడిచినంత మెల్లగా దాని అద్దాన్ని తుడిచింది. ఆ తరవాత పొడి గుడ్డ చుట్టి ఇంకోసారి తుడిచింది.

ఏడున్నర అయింది. ఆస్ట్రేలియా తీరాన లేక్స్ ఎంట్రెన్స్ ఊరి రేవులో నీళ్ళు ఇంకా బూడిదరంగులోనే ఉన్నాయి. పక్క స్తంభం మీద ఒక పెలికాన్ పక్షి కూర్చుని రొయ్యల పడవలు వచ్చే దిక్కుకు చూస్తోంది.

నోలీన్‌కు అరవై మూడేళ్ళు. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, ఎండకు మచ్చలు పడ్డ ముంజేతులు. కుడి అరచేతిలో, బొటనవేలి మొదట్లో, శనగగింజంత కాయ ఉంది. ముప్ఫై రెండేళ్ళుగా ఈ కర్ర పట్టుకోవడం వల్ల కాసినది అది. అప్పుడు కర్రకు గుడ్డ లేదు.

కురవాంగ్ యాత్రికుల్ని తిప్పే డెబ్బై అడుగుల మోటారు పడవ. మొదట్లో వెనక భాగమంతా ఖాళీగా ఉండేది. జనం పెరిగేకొద్దీ పడవ నడిపే యజమాని కెల్విన్ అక్కడ కాఫీ గది కట్టించాడు, మరుగుదొడ్లు కట్టించాడు, పైన గుడ్డ పందిరి వేయించాడు. చుక్కాని గది ముందుంది. అక్కడ నిలబడ్డవాడికి వెనక ఏముందో బొత్తిగా కనబడదు. జనం ఎక్కేదీ దిగేదీ మాత్రం వెనక నుంచే. అందుకని రోజూ సాయంత్రం పడవను రెండు పడవల మధ్య సందులోకి వెనక్కి నడపాలి. ఇంజను మోతలో కేక వినబడదు. నోలీన్ వెనక నిలబడి, పడవ పక్కనే ముందుదాకా పోయే ఇనుప గొట్టం మీద కర్రతో కొట్టేది. కెల్విన్ ఎడమ అరచెయ్యి ఆ గొట్టం మీద ఉండేది. రేవు పది గజాల దూరాన ఉందనగా మొదలుపెట్టి గజానికో దెబ్బ కొట్టేది. వెంటవెంటనే రెండు దెబ్బలు పడితే ఆగమని. వినక్కరలేదు, చేతికి తెలుస్తుంది.

"ఏంటమ్మా, బుల్లిదానికి స్నానం అయిందా?"

కెల్విన్ వచ్చాడు. ఆమెకన్నా అయిదేళ్ళు పెద్ద. పొడుగు మనిషి, నడుం దగ్గర వంగాడు. ఒకదాని మీద ఒకటి రెండు స్వెట్టర్లు తొడుక్కున్నాడు.

"అయింది. నువ్వు నీ టోపీ నెత్తిన పెట్టుకుంటే అదీ నీ మొహం చూసి సంతోషిస్తుంది."

"నా టోపీ ఉన్నచోట హాయిగానే ఉంది."

టోపీ ఉన్నది చుక్కాని పక్కన బిగించిన, కెమెరా బొమ్మ చూపే తెర మీద, దాన్ని కప్పేస్తూ. ఆరు వారాలుగా అక్కడే ఉంది.

"రేపటి నుంచి నేనుండనుగా, గొట్టం మీద ఎవరు కొడతారు? ఆ పెలికానా?" అంది నోలీన్.

"అదీ నీలాగే సణుగుతుందిగా, పని జరిగిపోతుంది" అంటూ మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆమె వైపు చూడలేదు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం నోలీన్ నాలుగో దెబ్బ కొట్టబోతుండగానే పడవ రేవుకు గుద్దుకుంది. అప్పటికే లేచి గేటు దగ్గర నిలబడ్డ ఒక ముసలాయన పడ్డాడు, మణికట్టు విరిగింది. గాలి విసిరిందని కెల్విన్ ప్రమాదం రిపోర్టులో రాశాడు. గాలి లేదని ఇద్దరికీ తెలుసు. ఆ వారమే ఆమె కళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళింది. ఎడమ కంటి చూపులో నడిమి భాగం పోయిందన్నాడు. నెలనెలా సూది వేయించుకుంటే ఉన్నది నిలుస్తుందట. ఒంటికన్నుతో దూరం తెలియదు. సూదిలో దారం ఎక్కించబోతే దారం ఒకచోట, సూది ఒకచోట. ఆ సంగతి ఆమెకు అప్పటికి ఏడాదిగా తెలుసు. కళ్ళజోడు పాతదైందని తనకు తనే చెప్పుకుంది.

కెమెరా పెట్టించమని అడిగింది ఆమే.

"నీ సగం కన్ను చాలు నాకు" అన్నాడు కెల్విన్.

"నాకు చాలదు. ఆ ముసలాయన చేతికి అసలే చాలలేదు."

కరెంటు పనిచేసే ట్రూడీ వచ్చి బిగించింది. మొదటిరోజే తప్పు జరిగింది. వెనక ఉన్నది ఉన్నట్టు తీసిన బొమ్మలో, ముందుకు తిరిగి నిలబడ్డవాడికి కుడి ఎడమలు తారుమారవుతాయి. కెల్విన్ ఎడమ స్తంభం దగ్గరవుతోందనుకుని కుడికి తిప్పాడు. పడవ నేరుగా కుడి స్తంభానికి రాసుకుంది. "కారు అద్దంలో లాగా తిప్పి పెట్టాల్సింది, నా బుర్ర తగలెయ్య" అని ట్రూడీ మర్నాడే సరిచేసింది. అయినా కెల్విన్‌కు నమ్మకం పోయింది, అతని టోపీ ఆ మర్నాడే తెర మీదికెక్కింది.

నోలీన్ ఊరుకోలేదు. ట్రూడీతో కలిసి రేవు చెక్కల మీద టేపు పరిచి, తెర మీద పసుపు గీత మూడు గజాలకూ ఎర్ర గీత ఒక గజానికీ సరిపోయేలా పెట్టించింది. స్తంభాలకు తెల్లరంగు పట్టీలు తనే వేసింది. సాయంత్రపు ఎండ అద్దంలో పడి బొమ్మ తెల్లబారిపోతుంటే ఐస్‌క్రీం డబ్బా మూత కత్తిరించి, నల్లరంగు పూసి, దానికి చూరులా కట్టింది. ఇన్ని చేసినా టోపీ మాత్రం కదల్లేదు. వద్దనుకుంటూనే ఆమె రోజూ గొట్టం మీద కొడుతూ వచ్చింది. ఆరు వారాలూ అదృష్టం తోడుంది.

ఇవాళ పడవ మీద ఆమెకు ఆఖరు రోజు. మర్నాడు పొద్దున్నే ఆమె అక్క మేవిస్ కారు తెచ్చి బెయిర్న్స్‌డేల్ తీసుకుపోతుంది. సూదివేసే డాక్టరు అక్కడే ఉన్నాడు.

పది గంటలకు నలభై ఒక్కమంది ఎక్కారు. ఎక్కువమంది ట్రారల్గన్ ఊరి నుంచి వచ్చిన అల్లికల క్లబ్బు ముసలమ్మలు. నోలీన్ టీ పోసింది, కొబ్బరికోరు అద్దిన లామింగ్టన్ కేకు ముక్కలు పంచింది. పడవ కదిలాక తన చోటికి, వెనక గేటు పక్కకు వెళ్ళి నిలబడింది. రేవు చిన్నదయింది, నల్లహంసలు చిన్నవయ్యాయి. ముప్పైయొకటో ఏట మొగుడు డార్విన్ ఊరికి వెళ్ళిపోయి మళ్ళీ ఉత్తరం రాయకపోతే, టీ పోసే పనికని ఈ పడవెక్కింది. అప్పటినుంచీ ఏ ఊరికి పోతున్నా ఆమె చూసింది వదిలివచ్చిన ఒడ్డునే. అలా చూడడం ఆమెకు అలవాటై, ఇష్టమైంది. నీటి మీద పడవ గీసిన తెల్లటి దారి చివరదాకా చెరక్కుండా ఉంటే కెల్విన్ మనసు బాగుందని అర్థం. ఇవాళ దారి వంకరటింకరగా ఉంది.

దారిలో ఆగే మెటుంగ్ రేవు విశాలం. అక్కడ ఊరికే కొట్టింది, పడవ ఊరికే ఆగింది.

నాలుగు గంటలకు తిరిగొచ్చేసరికి నైరుతి గాలి లేచింది. ఇంకా పడవ తిరగకముందే ముసలమ్మలు లేచి గేటు దగ్గర గుంపుగా నిలబడ్డారు. ఒకావిడ చేతికర్రతో అందరికన్నా ముందు నిలబడి, రేవుకు తగిలే బయటి కమ్మీ పట్టుకుంది.

"కూర్చోండమ్మా, రేవు ఎక్కడికీ పారిపోదు" అంది నోలీన్.

"నువ్వు నిలబడ్డావుగా, నీతోపాటే మేమూ" అందావిడ. చెయ్యి మాత్రం తీయలేదు.

పడవ వెనక్కి తిరిగింది. నోలీన్ కర్ర ఎత్తింది. రెండు స్తంభాలూ వాటి తెల్లపట్టీలూ ఆమెకు కనబడుతున్నాయి, కాని ఒకే గోడ మీద వేసిన బొమ్మల్లా ఉన్నాయి. పది గజాలో ఏడో ఆమెకు తెలియలేదు. కమ్మీ మీది ఆ చేతి వేళ్ళు చూసింది. సన్నటి వేళ్ళు, ఒకదానికి అరిగిన ఉంగరం.

నోలీన్ కర్ర దించేసింది.

గొట్టం మీద ఒక్క దెబ్బా పడలేదు. కాసేపటికి ఇంజను మోత తగ్గింది. పడవ నీళ్ళ మీద ఊగుతూ నిలబడిపోయింది. యాత్రికులకు ఊళ్ళ పేర్లు చెప్పే మైకులోంచి కెల్విన్ గొంతు వచ్చింది.

"నోలీన్! నిద్రపోయావా?"

ముసలమ్మలు నవ్వారు. నోలీన్ ఆ చేతికర్ర పట్టుకున్నావిడ భుజం తట్టి, "టోపీ తియ్యమన్నానని ముందుకు చెప్పండమ్మా" అంది.

"టోపీ తియ్యాలట!" అని ఆవిడ వెనక్కి తిరిగి అరిచింది. మాట నోటినుంచి నోటికి ముందుకు పోయింది. మధ్య బల్ల మీది ఇద్దరు మగవాళ్ళు కంగారుగా తమ టోపీలు తీసేశారు. మాట చుక్కాని గదికి చేరినట్టుంది, మైకు గరగరమంది.

"ఆడుకోకు. గాలి చూశావా?"

నోలీన్ కర్ర కొనను చెక్కల మీద ఆనించి పట్టుకుంది. ఇక్కడినుంచి ఏం చెప్పినా అతనికి వినబడదు.

పెలికాన్ ఎగిరి ఇంకో స్తంభం మీద వాలింది.

"సరే. అందరూ కూర్చోండి. ఇవాళ నేనే చూసుకోవాలట" అంది మైకు.

నవ్వుతున్నవాళ్ళు నవ్వు ఆపి కూర్చున్నారు. చేతికర్ర ఆవిడ కమ్మీ వదిలింది. ఇంజను మళ్ళీ మోగింది. కిందనుంచి నీళ్ళు మరిగినట్టు లేచాయి. నోలీన్ రెండు కళ్ళూ మూసుకుంది. పడవ కాస్త ఎడమకు జరిగినట్టు కాళ్ళకు తెలిసింది, గాలి దాన్ని తోసింది, అతను సర్దాడు, మళ్ళీ సర్దాడు. ఇది పసుపు గీత అయుంటుంది. ఇంజను గుసగుసలాడింది. ఇది ఎర్రది.

రేవుకు కట్టిన పాత టైరు నిట్టూర్చింది. అంతే. కాఫీ గదిలో కప్పులు కూడా గలగలమనలేదు.

నోలీన్ కళ్ళు తెరిచింది. కర్ర ఎత్తి గొట్టం మీద వెంటవెంటనే రెండు దెబ్బలు కొట్టింది. ఆగమని. పడవ అప్పటికే ఆగి ఉంది. ఒక క్షణం తరవాత ముందునుంచి, అరచేత్తో చరిచినట్టు రెండు దెబ్బలు గొట్టం వెంట వచ్చి ఆమె చేతికి తగిలాయి. ఇన్నేళ్ళలో అటునుంచి ఇటు వచ్చినవి అవే.

అందరూ దిగారు. ఆమె కప్పులు కడిగి బోర్లించింది. దిండుగలేబు కత్తిరించి అంచులు కుట్టిన పన్నెండు గుడ్డలు బిస్కెట్ల డబ్బాలో మడిచి పెట్టింది. కెల్విన్ మెట్ల మీద నిలబడ్డాడు. టోపీ నెత్తిన ఉంది.

"మూడుసార్లు తుడవాలి. మంచినీళ్ళతో, ఆ పైన పొడి గుడ్డతో" అంది.

"తెలుసు. రోజూ చూస్తూనే ఉన్నాగా."

"టోపీకింద నుంచి చూశావా?"

అతను టోపీ సర్దుకున్నాడు. "మేవిస్‌ను అడిగానని చెప్పు" అన్నాడు.

ఆమె సంచీ భుజాన వేసుకుని రేవు చెక్కల మీద నడిచి వెళ్ళింది, వెనక్కి తిరగలేదు. కాఫీ గది గోడకున్న రెండు కొక్కేల మధ్య కర్ర నిలబెట్టి ఉంది. గొట్టాన్ని కొట్టి కొట్టి సుద్దముక్కలా అరిగిన కొన కిందికి ఉంది, రేపటికోసం కొత్త గుడ్డ చుట్టి దారంతో ముడివేసిన కొన పైకి ఉంది.