చిరునామా మారిన ఓట్లు

నేను ఒక నలభై గూళ్ల చెక్క బీరువాని. నాకు తలుపుల్లేవు, తాళంకప్ప అసలే లేదు. అయినా నా కడుపులో పడ్డన్ని రహస్యాలు ఏ ఇనప్పెట్టెలోనూ పడి ఉండవు.

నన్ను విజయనగరంలో ఒక వడ్రంగి తపాలా ఆఫీసు కోసం టేకుతో చేశాడు. గూటికో ఊరి పేరు. ముప్పై ఏళ్లు ఉత్తరాలు మోశాను. శుభలేఖలూ కోర్టు నోటీసులూ నా దగ్గర పక్కపక్కనే నిలబడేవి. ఉత్తరాలు వేరుచేసే భీమశంకరంగారు ఊరి పేరు చూస్తూనే విసిరితే, అది సరైన గూట్లోనే పడేది. ఆయన రిటైరైన ఏడాదే నన్నూ పనికిరాదని వేలం వేశారు. ఆయనకు మనసొప్పక నన్ను పాడుకుని, రిక్షా మీద జూట్ మిల్లు కార్మికుల యూనియన్ ఆఫీసుకి చేర్చారు. అక్కడ ఎన్నికలు జరిపించే పెద్దమనిషి ఆయనే. గుర్తుకో గూడు చొప్పున ఓట్లు నాలోనే వేరుచేసేవారు. ఎవరి పక్షమూ కాదు గనక అందరికీ నమ్మకం.

యూనియన్లో లాంతరు జట్టు, గంట జట్టు ఉప్పూ నిప్పూ. మూడోది చేట గుర్తు. నూలు వడికే ఆడవాళ్లు పెట్టుకున్న ఆ చిన్న జట్టుకి నాయకురాలు అసిరమ్మ. ఆమె అడిగేది ఒక్కటే, పసిపిల్లలకి ఉయ్యాలల గది. తల్లులు బిడ్డల్ని యంత్రాల పక్కన గోనెపట్టా మీద పడుకోబెట్టి పని చేసేవాళ్లు. నార ధూళికి పిల్లలు దగ్గి దగ్గి నీలబడిపోయేవారు. అసిరమ్మ చిన్నకూతురు ఆ దగ్గుతోనే పోయింది. ఎన్నికలొచ్చినప్పుడల్లా జనం ఆమె మాట న్యాయమేననేవారు. నీకేస్తే ఓటు మురిగిపోతుందమ్మా అని కూడా వాళ్లే అనేవారు. మనుషుల న్యాయం ఇలాగే ఉంటుంది, వినడానికి బాగుంటుంది.

మిల్లులో మూడోవంతు మంది వేస్తే చాలు, లాంతరు నాయకుడు సత్యంనాయుడు గెలిచేవాడు. మూడుసార్లు అలాగే గెలిచాడు. నాలుగో ఎన్నికల ముందు సర్వసభ్య సమావేశంలో భీమశంకరంగారు లేచారు.

"ఉత్తరం మీద రాసిన ఇంట్లో మనిషి లేకపోతే చించి పారేస్తామా? రెండో చిరునామా రాసుంటే అక్కడికి పంపుతాం. ఓటుకి మాత్రం ఆ మర్యాద ఎందుకుండకూడదు?"

ఇష్టమైనవాళ్లకి ఒకటి, ఆ తరువాతివాళ్లకి రెండు, అలా అంకెలు వేయాలన్నారు. సగం మించి రానిదే గెలుపు లేదు. అందరికంటే వెనకబడ్డవాళ్లని తప్పించి, వాళ్ల ఓట్లని తరువాతి అంకె ఉన్న గూటికి పంపాలి. ఓడి ఓడి విసిగిన గంట జట్టు వెంటనే ఒప్పుకుంది. మూడుసార్లు గెలిచినవాణ్ణి అంకెలేం చేస్తాయని నాయుడూ ఒప్పుకున్నాడు.

ఇక ప్రచారం చూడాలి. నాయుడు తనవాళ్లకి చెప్పాడు, "ఒకటి మనకెయ్యండి. రెండు ఆ చేటకి పారెయ్యండి. గంటోడికి మాత్రం చివర్న కూడా రాయొద్దు." గంట నాయకుడు తనవాళ్లకి అక్షరం పొల్లుపోకుండా ఇదే చెప్పాడు, గంటోడి బదులు లాంతరోడని మార్చి. చేటలో ఏం పోసినా పొట్టే గదా అనుకున్నారిద్దరూ.

మధ్యాహ్నం లెక్కింపు. తొమ్మిది వందల ఓట్లు. లాంతరు గూట్లో మూడు వందల అరవై, గంటకి రెండు వందల నలభై అయిదు, చేటకి రెండు వందల పాతిక. సాంబారులో పప్పు పెంచుతానని గొడుగు గుర్తు మీద నిలబడ్డ క్యాంటీన్ పైడయ్యకి డెబ్భై. అసిరమ్మ కిటికీ అవతల చెంగు బిగించుకుని నిలబడింది. గంటని దాటకపోతే తరువాత పోయేది ఆమే.

పైడయ్య గూడు ఖాళీ చేశారు. నలభై అయిదు ఓట్లు చేటకి నడిచాయి, పదిహేను గంటకి, పది లాంతరుకి. చేట పది ఓట్లతో గంటని దాటింది. ఇప్పుడు గంట గూడు ఖాళీ చేశారు. నాయుడి మీద కోపంతో వేసిన రెండో అంకెలు, రెండు వందల పది, ఒక్కొక్కటే వచ్చి చేట గూట్లో పడ్డాయి. ఏ బరువునీ నా పాత టేకు ఎప్పుడూ అంత సంతోషంగా మోయలేదు. మిగతా యాభై లాంతరుకి పోయాయి. చేట నాలుగు వందల ఎనభై, లాంతరు నాలుగు వందల ఇరవై.

అందరికంటే ఎక్కువ ఒకట్లు తనవే కదా, ఎలా ఓడిపోతానని నాయుడు నిలదీశాడు.

"మీ గూట్లోవి మీకే ఉన్నాయి నాయుడుగారూ, ఒక్కటీ తియ్యలేదు. మిగతా మిల్లు మిమ్మల్ని వద్దంది, అంతే," అన్నారు భీమశంకరంగారు.

బయట ఆడవాళ్లు చేటలు వాయిస్తూ ఊరేగారు. అసిరమ్మ మాత్రం అక్కడే కూలబడి, కూతురి పేరు పిలిచి ఏడ్చింది.

నెల తిరక్కుండా అసిరమ్మ యాజమాన్యం మెడలు వంచి ఉయ్యాలల గది కట్టించింది. నన్నూ అక్కడికే చేర్చారు. పిల్లకో గూడు, బట్టలకి. మూడేళ్లకి ఎన్నికలొస్తే భీమశంకరంగారు లెక్కింపుకి నన్ను అడగడానికొచ్చారు.

"పిల్లల బట్టలు కింద పెట్టలేం పంతులుగారూ," అంది అసిరమ్మ. "ఓట్లు గోనెసంచుల్లో పోసుకోండి. మన మిల్లులో సంచులకేటి కరువు?"

ఆయన నవ్వి సంచులే తెప్పించారు. ఆ సాయంత్రం ఉయ్యాలల గదికి కబురొచ్చింది. ఈసారి ఎవరి సంచీ గుమ్మరించనక్కర్లేకపోయింది. అసిరమ్మ ఒకటో అంకెలతోనే సగం దాటేసింది.