సందులు నిలబెట్టిన మాట

పొద్దున్న పదికల్లా దోన్యా ఎర్మెలిందా, అంటే ఎర్మెలిందాగారు, టంకశాల మూల మీద బల్ల వేసుకుని, తెల్లగుడ్డ పరిచి, చారముస్కాలు పేర్చుకుంటుంది. బెల్లప్పాకం వేడి మీదే సాగదీసి మెలిపెట్టిన మిఠాయిలవి. యాభై ఏళ్ళుగా మెలిపెట్టి మెలిపెట్టి ఆవిడ వేళ్ళ చివర్లు నున్నగా అరిగిపోయాయి. అయితే ఆ బల్ల దగ్గర ఆగేవాళ్ళలో మిఠాయి కొనేవాళ్ళకన్నా దారి అడిగేవాళ్ళే ఎక్కువ.

సాన్ ఒనోఫ్రె వెండి గనుల ఊరు. వెండి ఎప్పుడో అయిపోయింది, చూడవచ్చే జనం మాత్రం అయిపోలేదు. స్పెయిన్ వాళ్ళు కట్టిన గులాబిరంగు చర్చి, పాత టంకశాల, థియేటరు, ధాన్యాగారం, అన్నీ ఒక లోయలో ఇరుక్కుని ఉంటాయి. వాటి మధ్య ఉన్నవన్నీ సందులే.

మా ఊళ్ళో ఎవరైనా దారి అడిగితే ‘తెలియదు’ అనడం మర్యాద కాదు. ఎండనపడి వచ్చిన మనిషిని మంచినీళ్ళివ్వకుండా పంపినట్టు లెక్క. తెలిస్తే సరే, తెలియకపోయినా చెయ్యెత్తి ఎటో ఒకవైపు చూపించి “ఇక్కడే, రెండడుగులు” అంటాం. ఆ రెండడుగులు పది గజాలు కావచ్చు, కొండెక్కి దిగడం కావచ్చు. మిగతావాళ్ళ మాట గాలికి పోతుంది గానీ, దోన్యా ఎర్మెలిందా మాట సందులు నిలబెడతాయి. ఆవిడ థియేటరు కుడివైపుందంటే, అప్పటిదాకా ఎడమకి పోతున్న సందు కాస్త ఒళ్ళు విరుచుకుని, మెట్లు సర్దుకుని, కుడికి వచ్చి చేరుతుంది. పెద్దావిడ మాట తప్పు చెయ్యడం దానికి ఇష్టముండదు. ఆ సందులో కాపురముండేవాళ్ళు కిటికీలో పూలకుండీలు పడిపోకుండా పట్టుకుంటారు, అంతే. మొగుడు భోజనానికి ఆలస్యంగా వస్తే పెళ్ళాం గొడవ పడదు, ఎవరో దారి అడిగుంటారులే అనుకుంటుంది.

ఇలాంటి ఊరికి మ్యాపు గియ్యడానికి లెయాంద్రో ఉర్కిది వచ్చాడు. ఉత్తరాన చివావా ఎడారి మనిషి. అక్కడ రోడ్లూ తిన్నగా ఉంటాయి, మాటలూ తిన్నగా ఉంటాయి. వచ్చిన మొదటిరోజే దారి అడిగినవాళ్ళతో మూడుసార్లు ‘తెలియదు’ అని, రొట్టెల కొట్టు ఆవిడకి కోపం తెప్పించాడు. చూడవచ్చేవాళ్ళ కోసం పన్నెండు చోట్లకి దారులు చూపిస్తూ అక్టోబరు ఉత్సవాలలోపు మ్యాపు ఇవ్వాలని ఊరి పర్యాటక కార్యాలయం వాళ్ళ షరతు. ఇస్తే ఉద్యోగం ఖాయం. ఇవ్వకపోతే చివావా వెళ్ళి అన్నగారి టైర్ల దుకాణంలో కూర్చోవాలి. దుకాణం మంచిదే, అన్నగారూ మంచివాడే. కానీ ఆ రబ్బరు వాసన తలుచుకుంటేనే లెయాంద్రోకి ప్రాణం ఉసూరుమనేది. ముప్ఫయ్యారేళ్ళలో మొదటిసారి, పొద్దున్న లేవగానే ఇవాళ బయట ఏముందో చూద్దామనిపించే ఊరు దొరికింది. వదిలి వెళ్ళాలని అతనికి లేదు.

టంకశాల నుంచి థియేటరుకి సోమవారం మూడు వందల నలభై అడుగులు వచ్చింది. బుధవారం రెండు వందల పదిహేను. శుక్రవారం తిరిగి చూస్తే థియేటరు వీపు వెనక ఉంది. టేపు మార్చాడు, చెప్పులు మార్చాడు. చివరికి ఇల్లు అద్దెకిచ్చినావిడ జాలిపడి, టేపుది తప్పేం లేదని చెప్పి, మూల మీద బల్ల దగ్గరికి పంపించింది.

అక్కడ మెట్టు మీద కూర్చుని రెండు రోజులు చూశాడు. రాజధాని నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు ధాన్యాగారం ఎక్కడని అడిగారు. ఆవిడ కొండ పైకి చెయ్యి చూపించింది. రాళ్ళు సన్నగా గరగరమన్నాయి.

“దోన్యా, ధాన్యాగారం నిన్న కింద ఉంది కదండీ,” అన్నాడు లెయాంద్రో.

“నిన్న అడిగినాయనకి మోకాళ్ళ నొప్పులు నాయనా. వీళ్ళు కుర్రకారు, ఎక్కనీ. పైనుంచి చూస్తే ఊరు బావుంటుంది.”

లెయాంద్రో పుస్తకంలో రాసుకోబోయి, ఏం రాయాలో తోచక మూసేశాడు. ఒక్క వారం, ఒక్క వారం మాత్రం ఎవరడిగినా తెలియదనమని బతిమాలాడు. ఆ వారంలో తను ఊరంతా కొలిచేసుకుంటానన్నాడు.

ఆవిడ అతన్ని బూతు మాట అన్నవాణ్ణి చూసినట్టు చూసింది. “ఎదురుగా నిలబడి అడిగిన మనిషితోనా? మా అమ్మ అనలేదు, నేను అనలేదు. ఇదిగో, మిఠాయి తిను.”

తిన్నాడు. మళ్ళీ అడగలేదు. మర్నాటి నుంచి కొలవడం మానేసి, మధ్యాహ్నాలు ఆ మెట్టు మీదే కూర్చుని, ఎవరికి ఏ దారి చెబుతుందో వినడం మొదలుపెట్టాడు. కొత్త దంపతులకి చుట్టుదారి, ఏడుపు మొహాలకి పూలకొట్ల దారి, గర్భిణులకి నీడ ఉన్న దారి. ఒక్కటీ ఊరికే చెప్పలేదావిడ.

గడువు దగ్గరపడ్డాక పై అధికారి బెరూమెన్ పిలిచి ఒక ఉపాయం చెప్పాడు. బల్లని ఆ మూల నుంచి తీయించేస్తే సందులు వాటంతటవే కుదురుకుంటాయి, లెయాంద్రో సంతకం ఒక్కటి చాలు. కాగితం ముందుకి తోశాడు. ఉద్యోగమంతా ఆ ఒక్క గీత దగ్గరుందని లెయాంద్రోకి తెలుసు. కాగితం వెనక్కి తోసి, తను గీసిన మ్యాపు అందించాడు. అందులో పన్నెండు బొమ్మలున్నాయి. వాటి మధ్య ఒక్క దారీ లేదు. కింద ఒక వాక్యం మాత్రం రాసి ఉంది: టంకశాల మూల మీద అడగండి.

బెరూమెన్ రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, అతన్ని వెళ్ళిపొమ్మన్నాడు.

ఆ మాట అతనికన్నా ముందే మూల మీదికి చేరింది. మర్నాడు మధ్యాహ్నం పెట్టె పట్టుకుని బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు లెయాంద్రో. వెళ్ళొస్తానని చెప్పడం అతనికి చేతకాలేదు. అందుకని బాగా తెలిసిన దారే అడిగాడు.

“దోన్యా, బస్టాండుకి ఎటు వెళ్ళాలండీ?”

ఆవిడ పెట్టె వంక చూసింది. చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డకి తుడుచుకుంది. మెడ దాకా ఎర్రబడింది.

“తెలియదు,” అంది.

పక్కన కూరగాయలమ్మే ఆవిడ చేతిలో తక్కెడ వదిలేసింది. మంగలి కొట్లోంచి సగం గడ్డంతో ఒకాయన బయటికొచ్చి చూశాడు.

లెయాంద్రో నవ్వి, మార్కెట్టు వెనక సందులోకి దిగాడు. దిగితే చర్చి ముందు తేలాడు. ఇంకో సందు పట్టుకుంటే మళ్ళీ చర్చే. అడిగిన ప్రతివాళ్ళూ ఎటో ఒకవైపు చెయ్యి చూపించారు గానీ, పెద్దావిడకి తెలియని చోటికి వెళ్ళే ధైర్యం ఏ సందుకీ లేకపోయింది. అయిదు గంటల బస్సు హారను మూడు వైపుల నుంచీ వినిపించి, ఆగిపోయింది. కాళ్ళీడ్చుకుంటూ టంకశాల మూల మీదికొచ్చాడు. ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది. కూలబడ్డాడు.

ఇద్దరు మొగుడూపెళ్ళాలు వచ్చి థియేటరు ఎక్కడని అడిగారు. తెలియదందామని నోరు తెరిచాడు. నిజంగానే తెలియదు, ఆ పూట థియేటరు ఎటు పోయిందో. అప్పుడు వచ్చినావిడ పాదం వంక చూశాడు. కొత్త చెప్పులు మడమ దగ్గర కరిచి రక్తం వస్తోంది.

లెయాంద్రో చెయ్యెత్తి రొట్టెల కొట్టు గోడ వైపు చూపించాడు. “అటు వెళ్ళండమ్మా. మెట్లు లేవు.”

గోడ కాస్త తటపటాయించింది. తర్వాత పక్కకి ఒదిగి, నున్నటి చిన్న సందు ఒకటి తెరుచుకుంది. వాళ్ళు థాంక్స్ చెప్పి అందులోకి వెళ్ళిపోయారు.

దోన్యా ఎర్మెలిందా వెనకే వేడి పళ్ళెంతో నిలబడి అంతా చూసింది. అతను లేవబోతే లేవనివ్వలేదు.

“రేపటి నుంచి పొద్దుటి పూట నువ్వు కూర్చో,” అంది. “పాకం దగ్గర నాకు పొద్దు చాలడం లేదు.”