అదే సర్దుకుంటుంది

షట్టరు పైకెత్తిన దగ్గర్నుంచి మళ్ళీ దించేదాకా ఆమె నిలబడే ఉండేది. కూర్చోవడానికి షాపులో స్టూలు లేక కాదు. ఉంది. దాని మీద కొనడానికి వచ్చినవాళ్ళు కూర్చుంటారు, లేదంటే వాళ్ళ సంచులు కూర్చుంటాయి.

షాపుకొచ్చే ఆడపిల్లలందరూ ఆమెను అక్కా అనే పిలిచేవారు. ఇంట్లో ఆమెకు నిజంగానే ఒక చెల్లెలుంది. కాబట్టి మనమూ అక్క అనే అందాం.

పెద్ద బజారు భవనంలో మెట్లెక్కగానే ఎదురయ్యే అద్దాల షాపు అది. అక్కడ బంగారం అమ్మరు, వెండి అమ్మరు. బంగారంలా మెరిసేవీ వెండిలా మెరిసేవీ అమ్ముతారు. మెడకు వరుసలు వరుసలుగా సన్నటి గొలుసులు, ప్రతి వేలికీ ఓ ఉంగరం, ఫోనుకు వేలాడదీసే పూసల దండలు, జుట్టుకు సీతాకోకచిలుక క్లిప్పులు. ఈ వారం లైటు కింద వెలిగిన సరుకు వచ్చే వారానికి తలుపు దగ్గరి బుట్టలో చేరేది. "అక్కా, ఇలాంటిది ఉందా?" అంటూ పిల్లలు ఫోనులో బొమ్మ చూపించేవారు. ఆ బొమ్మలోది షాపుకు రాకముందే ఇంకో బొమ్మ వచ్చేది. ఆ పరుగు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగుతుందో అక్కకు తెలియదు. దాని వెనకాల సరుకు సర్దీ సర్దీ ఆమె నడుము మాత్రం పడిపోయింది.

అయినా ఆ పిల్లల మీద ఆమెకు కోపం లేదు. చేతిఖర్చు మిగుల్చుకుని వచ్చి, అద్దం ముందు తల అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుని, ఒకరినొకరు "నీకు భలే ఉందే" అనుకునే పిల్లలు. రోజంతా ఆమె చూసే ముఖాల్లో నిజంగా సంతోషంగా ఉండేవి ఆ ముఖాలే.

షాపు యజమానురాలిని అందరూ మేడమ్ అనేవారు. కొత్త సరుకు వస్తే, అమ్మే ఆడపిల్లలు అవి పెట్టుకునే నిలబడాలన్నది మేడమ్ నియమం. "మీ చెవులు చూస్తేనే కదమ్మా వాళ్ళ చెవులకు దురద పుట్టేది" అని నవ్వేది. దురద మాట అక్షరాలా నిజం. ఆ లోహమేమిటో గానీ, పొద్దున పెట్టుకుంటే మధ్యాహ్నానికల్లా చెవి తమ్మెలు ఎర్రబడి రసి కారేవి. అందుకని అక్క, పక్కన గాజుల వరుస దగ్గర పనిచేసే పిల్ల, ఇద్దరూ దిద్దుల కాడలకు రంగులేని గోళ్ళ పాలిష్ పూసి, ఆరాక పెట్టుకునేవారు. అది వాళ్ళలో వాళ్ళకు తెలిసిన కిటుకు. కొనేవాళ్ళకు చెప్పేవారు కాదు. చెబితే, ఎందుకు పూయాలని అడుగుతారు మరి.

ఆ ఏడాది చెవి పై అంచు వెంబడి చుక్కల్లా చిన్నచిన్న దిద్దులు వరుసగా పెట్టుకోవడం మొదలైంది. ఏ ఫోనులో చూసినా అదే చెవి. మేడమ్ చెవులు కుట్టే గన్ను తెప్పించింది. అక్కకు ఒక పూట నేర్పించారు. గన్నులో దిద్దు పెట్టడం, చెవి మీద పెన్నుతో చుక్క పెట్టడం, నొక్కడం. టక్కుమని శబ్దం, అంతే.

"నొప్పి పుడుతుందా అక్కా?"

"చీమ కుట్టినంత."

తమ్మెకు కుట్టించుకున్నవాళ్ళు మళ్ళీ కొత్త దిద్దుల కోసం వచ్చేవారు. పై అంచు కుట్టించుకున్నవాళ్ళలో కొందరు మాత్రం వేరే పని మీద వచ్చేవారు. వాచిన చెవిని చూపించి, "ఇలా అయిందేంటి అక్కా?" అనేవారు. మేడమ్ గల్లాపెట్టె దగ్గర్నుంచి కళ్ళతోనే సైగ చేసేది. అక్క తనకు నేర్పిన మాట చెప్పేది. "ఉప్పునీళ్ళతో కడుక్కోమ్మా. అదే సర్దుకుంటుంది."

చాలామందికి నిజంగానే సర్దుకునేది. సర్దుకోనివాళ్ళు మళ్ళీ షాపుకు రాలేదు. ఎక్కడికి వెళ్ళారో ఎవరూ వాకబు చెయ్యలేదు.

ఇంట్లో ముగ్గురే ఆడవాళ్ళు. తండ్రి పోయి చాలా కాలమైంది. తల్లి బట్టల ఫ్యాక్టరీలో బొత్తాలు కుడుతుంది. చెల్లెలు కాలేజీలో చదువుతోంది. సాయంత్రం అక్క వచ్చి కాళ్ళు గోడకు ఎత్తిపెట్టి పడుకుంటే, చెల్లెలు పక్కన చేరి ఆమె చెవులకున్న ఆ రోజు సరుకు విప్పి తన చెవులకు పెట్టుకుని చూసుకునేది. అది ఇద్దరికీ ఇష్టమైన కాసేపు.

ఒకరోజు చెల్లెలు అడిగింది. "అక్కా, నాకూ పైన కుట్టవా? మా క్లాసులో సగం మందికి నువ్వే కుట్టావట. నాకు లేదంటే నవ్వుతున్నారు."

"వద్దులేవే."

"ఎందుకు వద్దు?"

"వద్దంటే వద్దు."

"అదే ఎందుకని అడుగుతున్నా. ఊళ్ళోవాళ్ళందరికీ చెయ్యొచ్చు, నాకు మాత్రం వద్దా?"

అక్క దగ్గర సమాధానముంది. కానీ అది చెబితే ఇన్నాళ్ళూ తను చేస్తున్న పనికి ఏం పేరు పెట్టుకోవాలి? "నడుము నొప్పిగా ఉందే, విసిగించకు" అని గోడ వైపు తిరిగింది. మూతి ముడుచుకుని చెల్లెలు లేచి వెళ్ళిపోయింది. పాఠకులారా, ఆ ఇంట్లో ఆ రోజు ఎవరూ తప్పు మాట మాట్లాడలేదు. చెప్పవలసిన మాటే ఒకటి నోరు దాటలేదు.

అక్కకు సెలవు దొరికిన రోజున చెల్లెలు స్నేహితురాలిని వెంటేసుకుని అదే షాపుకు వెళ్ళింది. గాజుల వరుస పిల్లకు ఆమె అక్కకు చెల్లెలని తెలుసు. "మీ అక్కకు చెప్పే వచ్చావా?" అని అడిగింది. "ఆ, చెప్పే వచ్చా" అంది చెల్లెలు. ఆ పిల్లే గన్ను తీసుకుంది. టక్కుమంది.

తర్వాత చెల్లెలు జుట్టు విరబోసుకుని తిరగసాగింది. ఫ్యాషనేమో అనుకున్నారు. అన్నం దగ్గర నమలడానికి ఇబ్బంది పడుతుంటే పన్ను నొప్పేమో అనుకున్నారు. ఓ ఉదయం కాలేజీకి లేవలేదు. తల్లి నుదుటి మీద చెయ్యి వేసి, "ఒళ్ళు కాలిపోతోంది" అంటూ జుట్టు పక్కకు తీసింది. చెవి చెవిలా లేదు. ఎర్రగా ఉబ్బి, తల నుంచి పక్కకు నెట్టుకొచ్చి ఉంది. పైన బుల్లి దిద్దు వాపులో కూరుకుపోయి మెరుస్తోంది.

ఆ దిద్దును చూడగానే అది ఏ అరలోదో అక్కకు తెలిసిపోయింది.

ఆసుపత్రిలో చెవి డాక్టరమ్మ ముట్టుకుని చూసి, అప్పటికప్పుడు కోసి చీము తియ్యాలంది. తీశారు. తల్లి బయట బల్ల మీద కూర్చుని, బొత్తాలు కుట్టీ కుట్టీ బిరుసెక్కిన వేళ్ళను నలుపుకుంటూ ఉండిపోయింది. ఏడవడానికి కూడా ఓపిక లేనట్టుంది ఆమె ముఖం.

పని ముగించుకుని డాక్టరమ్మ బయటికొచ్చి వాళ్ళ పక్కనే కూర్చుంది. ఆమె కూడా పొద్దుట్నుంచి నిలబడే ఉంది.

"పిల్లకు ప్రమాదం లేదమ్మా. కానీ చెవి పైన ఉండే మెత్తటి ఎముక కొంత పాడైపోయింది. ఆ మేరకు చెవి ముడుచుకుపోతుంది. మునుపటి రూపం రాదు."

"ఎందుకిలా అయిందమ్మా? అందరూ కుట్టించుకుంటున్నారుగా" అంది తల్లి.

"తమ్మె అయితే ఒట్టి కండ. త్వరగా మానుతుంది. పైభాగం అలా కాదు. దానికి రక్తం అందడమే తక్కువ. గన్నుతో గట్టిగా కొడితే లోపల నలుగుతుంది. చీము పట్టిందంటే మందు కూడా సరిగ్గా అందదు. ఇలాంటి పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. ఒకరి తర్వాత ఒకరు. వాళ్ళనేమనను? అందంగా కనబడాలని ఆ వయసులో అనుకోకపోతే ఇంకెప్పుడు అనుకుంటారు? కుట్టేవాళ్ళకైనా తెలియదా అని మాత్రం అనిపిస్తుంటుంది."

అక్క తల దించుకునే చెప్పింది. "తెలుసమ్మా. ఇంత వివరంగా తెలీదు. కానీ మంచిది కాదని తెలుసు. నేను ఆ షాపులోనే కుడతాను."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది అక్కకు.

మత్తు దిగాక చెల్లెలు కళ్ళు తెరిచింది. తలకు కట్టు. పక్కన అక్క.

"కోపమొచ్చిందా అక్కా?"

"వాచినప్పుడే ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు షాపుకెళ్ళి, కుట్టిన ఆ అక్కను అడిగాను. అదే సర్దుకుంటుందంది. నువ్వు కూడా అందరికీ అదే చెప్తావటగా. నువ్వు చెప్పే మాటేనని నమ్మాను."

ఆ పిల్ల నిష్ఠూరంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ మాట నమ్మి ఉప్పునీళ్ళు కాచుకుంటూ కూర్చున్న పిల్లలెందరో, వాళ్ళ ఇళ్ళల్లో ఏ అక్కలు జుట్టు తీసి చూశారో, మొదటిసారిగా అక్కకు ఆలోచన వచ్చింది.

సెలవు అయ్యాక అక్క షాపుకు వెళ్ళింది. వెళ్ళకపోతే ఇల్లు గడవదు. మధ్యాహ్నం ఇద్దరు స్నేహితురాళ్ళు వచ్చారు. ఒకమ్మాయి స్టూలు మీద కూర్చుని, చెవి వెనక్కి జుట్టు దోపుకుని, "ఇక్కడ అక్కా" అని పై అంచు చూపించింది.

అక్క గన్ను చేతిలోకి తీసుకోలేదు. "అక్కడ కుట్టనమ్మా. అక్కడ చీము పడితే చెవే పోతుంది. మా చెల్లికి అదే అయింది. అంత కావాలంటే డాక్టరు దగ్గర సూదితో కుట్టించుకో. కుట్టకుండా తగిలించుకునేవి ఉన్నాయి, చూపిస్తాను."

ఆ పిల్లలు మొహాలు చూసుకున్నారు. గల్లాపెట్టె దగ్గర్నుంచి మేడమ్ లేచి వచ్చింది.

"ఏంటమ్మా నువ్వు చేస్తున్న పని? నీకు జీతమిచ్చేది అమ్మడానికి, భయపెట్టడానికి కాదు."

"భయపెట్టలేదు మేడమ్. తెలిసింది చెప్పాను."

"నువ్వు వద్దంటే మానేస్తుందా? పక్క షాపుకు పోయి కుట్టించుకుంటుంది."

"పోనివ్వండి మేడమ్. తెలిసి పోతుంది. ఇక్కడైతే తెలీకుండా కుట్టించుకుంటోంది."

మేడమ్ ముఖం కందగడ్డ అయింది. గాజుల వరుస వైపు తిరిగి, "నువ్వు రావే. వచ్చి కుట్టు" అంది. ఆ పిల్ల వచ్చింది. గన్ను చేతిలోకి తీసుకుంది. అక్క వైపు చూసింది. చెల్లెలి సంగతి విన్నప్పటినుంచీ ఆ పిల్ల సరిగ్గా అన్నం తినడం లేదు. గన్ను మెల్లగా బల్ల మీద పెట్టేసి, "నాకు రాదు మేడమ్" అంది.

"రాదా? మొన్నే కదే కుట్టావు!"

"అప్పుడూ రాలేదు మేడమ్. కుట్టేశానంతే."

కొనడానికి వచ్చిన పిల్లలు లేచి వెళ్ళిపోయారు. వాళ్ళు ఖాళీ చేసిన స్టూలు మీద మేడమ్ కూలబడింది. షాపు అద్దె, పక్క షాపు పోటీ, ఇంట్లో మంచాన పడ్డ భర్త, అన్నీ ఆమె భుజాల మీద కూర్చున్నట్టే ఉంది. ఇద్దర్నీ ఒక్కసారే పంపించేస్తే, కొత్తవాళ్ళను వెతికి నేర్పించుకునే శక్తి ఆమెకూ లేదు. చివరికి లేచి గన్ను తీసి సొరుగులో పడేసింది. "తమ్మెల వరకే కుట్టండి. నా బుర్ర తినకండి" అని గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళిపోయింది.

దాంతో లోకమేమీ మారిపోలేదు. పక్క షాపులో పై అంచులు కుడుతూనే ఉన్నారు, అక్కడ రద్దీ కాస్త పెరిగింది కూడా. అక్క మాట విన్నవాళ్ళు తక్కువ, విసుక్కున్నవాళ్ళు ఎక్కువ. అయినా ప్రతి దిద్దు అమ్మేటప్పుడూ, దురద పెడితే వెంటనే తీసెయ్యమనీ, ఎర్రబడితే డాక్టరుకు చూపించమనీ ఆమె చెబుతూనే ఉంది. రోజంతా అదే మాట చెప్పి చెప్పి గొంతు పోయేది. నడుము నొప్పికి గొంతు నొప్పి తోడైంది.

చెల్లెలి చెవి మానింది. పైభాగం ముడతపడి, నలిగిన కాగితంలా మిగిలింది. ఒక సెలవు రోజు ఆ పిల్ల షాపుకు వచ్చింది. ముచ్చటలు చచ్చిపోతే మనిషి ఏం బాగుంటుంది? కొత్తగా వచ్చిన క్లిప్పులన్నీ తిరగేసి, ఆకుపచ్చది ఒకటి ఏరుకుని, అద్దం ముందు నిలబడి జుట్టంతా పైకెత్తి పెట్టుకుంది. పక్కనున్న బడిపిల్ల ఆ చెవి చూసి ఆగిపోయింది.

"మీ చెవికి ఏమైంది?"

చెల్లెలు దాచుకోలేదు. అంతా చెప్పింది. ఆ పిల్ల విని, "మరి మీకు ముందే ఎవరూ చెప్పలేదా?" అని అడిగింది.

గాజు పలక వెనక నిలబడ్డ అక్కే జవాబు చెప్పింది.

"లేదమ్మా, చెప్పలేదు. ముచ్చటపడటం మీ తప్పు కాదు, చెప్పకపోవడమే మా తప్పు. కీడని తెలిసీ నోరు మూసుకుని అమ్మితే, మేం అమ్మింది నగ కాదు, మీ ఒళ్ళు."