పదకొండో స్తంభం దగ్గర ఆగిన కరెంటు

ఆపరేటర్ అఫ్జల్ ప్రతి ఉదయమూ మైలవరం పక్కనున్న సబ్‌స్టేషన్‌లో మీటర్లు చూసి, అంకెలు లాగ్‌బుక్‌లో రాసి, మామిడితోటల లైనుకు స్విచ్చి వేసేవాడు. కరెంటు బయలుదేరి పదకొండో స్తంభం దాకా వెళ్లి ఆగేది. నలభై రోజులుగా అంతే.

స్తంభం ఎక్కబోయే లైన్‌మన్ ఆపరేటర్‌ను అడిగి లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపి ఉంచుతామన్న మాట, తీసుకోవాలి. దిగాక తానే తిరిగి ఇవ్వాలి. అప్పటిదాకా సరఫరా ఇవ్వకూడదు. ఆ రోజు కరెంటు కోత వేళలో లైన్‌మన్ ముస్తఫా పదకొండో స్తంభం ఎక్కబోతూ ఫోన్ చేసినప్పుడు, అఫ్జల్ తానే చూసుకోవాల్సిన పక్క ఊరి సబ్‌స్టేషన్‌లో ఉన్నాడు. అక్కడి పుస్తకంలోనే రాసుకున్నాడు. పదహారు గంటల డ్యూటీ మీద సైకిలు తొక్కుకుంటూ ఇక్కడికి చేరి, ఈ పుస్తకంలో ఏమీ లేకపోవడంతో స్విచ్చి వేశాడు. ముస్తఫా ప్రాణాలతో దిగలేదు. లైన్ క్లియర్ ఆయన దగ్గరే ఉండిపోయింది కనుక కరెంటు ఆయన కోసం ఆగి ఉందని ఊరంతా ఎరుగును. ఆ స్తంభం కిందుగా వెళ్లేవారు గొంతు తగ్గించేవారు.

విచారణకు బెజవాడ నుంచి ఇంజనీరు గోపాలకృష్ణ వచ్చాడు. మామిడి రైతు శౌరయ్య గుమ్మంలోనే నిలేశాడు.

"కరెంటు బోర్డుని ముక్కలు చేశారు గదండీ, నన్ను ఏ ముక్క దగ్గర ఏడవమంటారు?"

"నివేదిక ఇవాళ రాస్తున్నానండీ."

"రాస్తారు లెండి. తేలేది ఈ అఫ్జల్ పేరేగా!"

గోపాలకృష్ణ బల్ల ముందు కూర్చున్నాడు. విచారణకు వచ్చిన జవాబుల్లో, ఆపరేటర్ కాంట్రాక్టరు మనిషని కరెంటు కంపెనీ రాసింది. ఎందరిని పెట్టాలో ఆఫీసు చెప్పిందని కాంట్రాక్టరు రాశాడు. అంతా సంస్కరణల్లో భాగమని ఆఫీసు రాసింది. నివేదికలో 'బాధ్యులు' అన్న చోటు మాత్రం ఖాళీగా ఉంది.

"జైలంటే ఎన్నాళ్లు పడుతుంది సార్?" అన్నాడు అఫ్జల్. "మా ఆవిడ ముబీనాకి ఏడో నెల."

గోపాలకృష్ణ నివేదికను దగ్గరికి లాక్కున్నాడు. సంస్కరణ అన్న మాటను ఏ పోలీసూ పట్టుకోలేడు, సంతకాన్ని పట్టుకోగలడు. రెండు సబ్‌స్టేషన్లకూ ఒక్క ఆపరేటర్ చాలునన్న ఉత్తర్వు మీద సంతకం తనదే. అది తప్పని తెలిసే, పైవాళ్లకు ఎదురుచెప్పలేక చేశాడు. పెన్ను తీసి, ఖాళీలో తన పేరు, హోదా, ఆ ఉత్తర్వు తేదీ నిదానంగా రాశాడు.

ఫోన్ మోగింది. అఫ్జల్ ఎత్తి, లేచి నిలబడ్డాడు.

"చెప్పండి ముస్తఫా భాయ్... మనుషులందరూ దిగారు... లైన్ క్లియర్ తిరిగి ఇస్తున్నారు... పదీ ఇరవై. రాసుకున్నా భాయ్."

కరెంటు పదకొండో స్తంభం దాటింది. తోటల్లో మోటార్లు ఒకటొకటిగా మేలుకున్నాయి. శౌరయ్య చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తాడు.

అఫ్జల్ రిసీవరు చాచాడు. "అక్కడెవరున్నారని అడుగుతున్నారు సార్."

గోపాలకృష్ణ అందుకున్నాడు. అవతల ఎత్తున వీచే గాలి చప్పుడు, చిలకల అరుపులు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఫోన్లో మొదట హోదా చెప్పడం అలవాటైన మనిషి, ఈసారి చెప్పలేదు.

"ఇక్కడ ఒక్క మనిషి చాలునని సంతకం చేసింది నేనండీ," అన్నాడు. "వింటున్నాను, చెప్పండి."