ప్రెస్సు మీద దుప్పటి

ఇంట్లో ఒక గదిని ఆఫీసుగా వాడుకుంటే పన్నులో కొంత మినహాయింపు ఇస్తారట. ఆ సంగతి మా ఆయన చెవిలో ఊదింది మా అన్నయ్యే. వాడు ఆడిటరు. తోడబుట్టినవాడు నాకు చేసిన మేలు ఇది!

మా ఇంట్లో ఆఫీసు అనదగ్గది వెనకగది ఒక్కటే. పదకొండేళ్లుగా అందులో నేను పుస్తకాలు బైండింగు చేస్తున్నాను. కాలేజీ పిల్లల థీసిస్‌లు, లైబ్రరీల్లో చిరిగిన పుస్తకాలు. నా దబ్బనాలు, అట్టలు, బంక గిన్నె, అతికించిన అట్టలు వంకరపోకుండా బంక ఆరేదాకా పుస్తకాలను నొక్కిపెట్టే, నేలకు బోల్టులు బిగించిన ఇనప ప్రెస్సు, అన్నీ అక్కడే. మా ఆయన వారానికి రెండు రోజులు ఇంటినుంచి పనిచేస్తారు. ఎక్కడనుకున్నారు? ముందుగదిలో, సోఫాలో, టీవీ ఎదురుగా. బంక వాసన పడదని వెనకగది గడప కూడా తొక్కరు. ఫారంలో మాత్రం అది ఆయన ఆఫీసై కూర్చుంది.

తనిఖీకి వస్తున్నామని పన్నుల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చేసరికి బావాబావమరుదులిద్దరికీ ముచ్చెమటలు పట్టాయి.

"ఒక్కపూట సర్దుకో చెల్లాయ్," అన్నాడు అన్నయ్య, తనిఖీ రోజు పొద్దున. "ఆ గదిలో ఇంకో పని జరగకూడదు. అదీ రూలు."

"రేపటికి ముప్పై థీసిస్‌లు ఇవ్వాలిరా."

"నీ పనికేముంది, వంటింట్లో కూడా చేసుకోవచ్చు," అన్నారు మా ఆయన.

ఒళ్లు మండిపోయింది. అయినా గొడవెందుకని ఊరుకున్నాను. అదే నా బుద్ధితక్కువ. అప్పుడే అట్టలు అతికించిన థీసిస్‌లను తీసుకెళ్లి మంచం కిందకు తోశారు. ప్రెస్సు ఊడి రాలేదు. దానిమీద దుప్పటి కప్పి, ఆ పైన కంప్యూటరు పెట్టారు. కుర్చీలో కూర్చుంటే కీబోర్డు మా ఆయన గడ్డానికి తగులుతోంది.

తనిఖీకి వచ్చినావిడది ఇంచుమించు నా వయసే. గదంతా చూసి, "మీరేం చేస్తుంటారమ్మా?" అని నన్నడిగింది.

నేను నోరు తెరిచేలోపే, "ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉంటుంది," అన్నారు మా ఆయన. అన్నయ్య గంగిరెద్దులా తలూపాడు.

అన్నయ్య ముందే నింపి ఇచ్చిన కాగితాన్ని ఆవిడ నా సంతకానికి అందించింది. ఈ గదిని నా భర్త తప్ప ఎవరూ ఏ పనికీ వాడరని అందులో ఉంది. కింద నా పేరు, వృత్తి దగ్గర 'లేదు' అని అన్నయ్య దస్తూరీ. వాడి ఆడిటరు పరీక్ష పుస్తకాలు విడిపోతే ఈ చేతులతోనే కుట్టిచ్చాను.

'లేదు' కొట్టేసి 'బైండరు' అని రాశాను. దుప్పటి అంచు ఎత్తి చూపించాను.

"మరి మీవారు ఎక్కడ పనిచేస్తారు?" అంది ఆవిడ.

"రండి, సోఫా చూపిస్తాను."

ఆవిడ మినహాయింపు కొట్టేసి వెళ్లిపోయింది. వీధి తలుపు పడిందో లేదో, ఇద్దరూ నామీద విరుచుకుపడ్డారు.

"నలుగురిలో నా పరువు తీశావు కదే!" అన్నారు మా ఆయన.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. జరిమానా కూడా పడుతుంది, తెలుసా?"

"తిన్నింట్లో వండేది కూడా నేనేరా!" అన్నాను.

మా ఆయన ఇంకా ఏదో అనబోతున్నారు.

"ముందు ప్రెస్సు మీంచి మీ కంప్యూటరు తియ్యండి," అన్నాను. "మంచం కింద నా పుస్తకాలకు బంక ఆరిపోతోంది."